ఘ్రాణ జాగిలం: వంగభూమిలో దాని కథ

తెలుగు దినపత్రికలలో నేరవార్తలు చదివేవారికి ‘జాగిలం’ చిరపరిచితమైన మాట. నేడు పోలీసు శునకానికి వాడుతున్న ఈ పదం పూర్వం వేటకుక్కకు పేరు. మనుచరిత్రలో స్వరోచి వేటను వర్ణించిన పెద్దన జాగిలాలను విస్మరించలేదు. అయితే వేటకుక్కలన్నీ ఒకే తీరువి కావు. మన ముధోల్, రాజపాళయం శునకాలు ప్రధానంగా చూపుతో తరిమేవి. ఫాక్స్‌హౌండ్, బీగిల్ వంటివి నేలపై మిగిలిన వాసనను పట్టి నడిచేవి. ఈ రెండవ తెగ మనకు ఓడలమీద వచ్చింది.

కంపెనీ కాలంలో కలకత్తాలోని ఆంగ్లేయులు స్వదేశం నుండి ఫాక్స్‌హౌండ్లను రప్పించుకొని, శీతకాలపు వేకువలలో నక్కల వేట సాగించారు. వేసవి వచ్చేసరికి ఆ మంద పలచబడేది. మళ్లీ ఓడ కోసం ఎదురుచూపు. దక్షిణాదిన మద్రాసు అధికారులు 19వ శతాబ్ది పూర్వార్ధంలోనే ఈ వేటను నీలగిరులకు చేర్చారు. ఊటీ చలి ఆ జాగిలాలకు ఒప్పింది. ఒక వినోదానికి మూగజీవులు చెల్లించిన మూల్యం చిన్నది కాదు.

కారణం వాటి దేహధర్మంలోనే ఉన్నది. మానవుని నాసికలో ఘ్రాణకణాలు సుమారు 50 లక్షలు; బీగిల్‌లో అవి 20 కోట్లకు పైమాటే. కాని కుక్క తన ఒంటివేడిని ముఖ్యంగా నోటితో రొప్పుతూ తగ్గించుకుంటుంది. రొప్పుతున్నంతసేపు వాసన పట్టే శక్తి సన్నగిల్లుతుంది. పైగా ఎండిన వేడి నేలపై వాసన నిలువదు. అనగా ఎండ ఈ జాతి ప్రాణాన్నే కాక ప్రతిభను కూడా హరిస్తుంది.

బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడిన తరువాత, ఆ దారి వెంట ఉత్తరాంధ్ర నుండి తరలివచ్చిన కుటుంబాలు ఎన్నో ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డాయి. ఆ పట్టణంలోని ఝపటాపూర్ వంటి పేటలలో బీగిల్‌ను పెంచదలచినవారు కలకత్తా అనుభవాన్ని గుర్తుంచుకోవాలి. వేసవిలో సూర్యోదయానికి ముందే నడక ముగియాలి. నీడ, చల్లని నీరు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. వానకాలంలో వ్రేలాడే చెవులలో గాలి ఆడక తేమ నిలిచి చీము పడుతుంది. వారానికొకసారైనా విప్పి చూచి, తుడిచి ఆరబెట్టడం అవసరం. గోమార్లు జ్వరాలు తెస్తాయి. ఈ జాతికి తిండియావ మెండు. పెట్టినదల్లా తిని త్వరగా స్థూలకాయమవుతుంది. ముద్దు చేసి అన్నం కలిపి పెట్టే మన ఇళ్లలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

గోడలు కలిసిన ఇళ్లలో దాని సుదీర్ఘమైన కూత ఇరుగుపొరుగుకు ఇబ్బందే. మందతో కలిసి బ్రతికిన జాతి గనుక ఒంటరిగా విడిస్తే ఆ కూత పెరుగుతుంది. వాసన తగిలిందా, యజమాని పిలుపు చెవికెక్కదు. రైలుపట్టాల దాపున మెడతాడు విడువరాదు.