కారు తాగే నూనె

పోయినేడు నేనో పాత కారు కొన్నాను. పెట్రోలు సరే, వెయ్యి కిలోమీటర్లకి లీటరు ఇంజన్ ఆయిల్ కూడా తాగేస్తోంది! వెనక నీలం పొగ. "రింగులు పోయాయి సార్, ఇంజన్ దించాలి" అన్నాడు మెకానిక్. ఖర్చు వింటే కళ్ళు తిరిగాయి. ఇంతకీ ఈ రింగుల గొడవేంటని తవ్వితే మూడొందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాల్సొచ్చింది.

1712 నాటి న్యూకొమెన్ ఆవిరి యంత్రంలో పిస్టన్‌కి తోలు బిగించి, పైన నీళ్ళు నిలిపి సందులు మూసేవారు. జేమ్స్ వాట్‌కి సిలిండర్ వేడిగా ఉండాలి, కాబట్టి నీళ్ళు కుదరవు. నార తాడు చుట్టి కొవ్వు పట్టించాడు. అదేమో అరిగిపోయేది. 1850లలో జాన్ రామ్స్‌బాటమ్ అనే రైలింజన్ల ఇంజనీరు, ఒకచోట తెగ్గోసిన లోహపు రింగు పెట్టాడు. సిలిండర్ కన్నా కాస్త పెద్దది కాబట్టి స్ప్రింగులా గోడని ఒత్తిపడుతుంది, అరిగేకొద్దీ తనే విచ్చుకుంటుంది. మన కార్లలో ఇప్పటికీ అదే సూత్రం.

మామూలుగా పిస్టన్‌కి మూడు రింగులు. అడుగుది గోడమీది నూనెని గీకి కిందకి పంపుతుంది. అది అరిగినా, దాని సందులు మసితో పూడినా నూనె పైకెక్కి కాలిపోతుంది.

"చిక్కటి ఆయిల్ పోసి అమ్మెయ్‌రా, కొన్నాళ్ళు పొగ తగ్గుతుంది" అన్నాడో ఫ్రెండు. నాకమ్మినవాడూ అదే చేశాడేమో! బగ్ దాచి రిలీజ్ చేసినట్టే కదా. ఆ గొలుసు నా దగ్గరే తెగాలనిపించి, ఇంజన్ దించమన్నాను.

మీరు పాత కారు కొంటుంటే మాత్రం, డబ్బివ్వకముందే డిప్‌స్టిక్ లాగి చూడండి. వెనక పొగ రంగు కూడా.