వజీరాబాద్ రేవు: పడవల కన్నా ముందు కొలతలు

నల్గొండ జిల్లాకు సముద్రం లేదు. అయినా దేశ జలమార్గాల చట్టంలో ఈ జిల్లా ఊరి పేరొకటి ఉంది. 2008 నవంబరులో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గం పొడవు 1,078 కిలోమీటర్లు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా సాగే కాలువలు, భద్రాచలం–రాజమండ్రి మధ్య గోదావరి, వజీరాబాద్–విజయవాడ మధ్య 157 కిలోమీటర్ల కృష్ణ అందులో భాగాలు. వజీరాబాద్ అంటే మరేదో కాదు, దామరచర్ల మండలంలోని వాడపల్లి. మూసీ వచ్చి కృష్ణలో కలిసేది ఇక్కడే. అగస్త్యేశ్వరుడి గుడికీ నరసింహస్వామి గుడికీ వచ్చే జనం, 2016 పుష్కరాల్లో మునకలేసిన జనం ఎరిగిన రేవు ఇది. అదే ఏడాది వచ్చిన జాతీయ జలమార్గాల చట్టం ఈ దారిని కృష్ణ వెంట కర్ణాటకలోని గలగలి దాకా, గోదావరి వెంట నాసిక్ దాకా పొడిగించి 2,890 కిలోమీటర్లకు చేర్చింది. అలా కాగితం మీద వాడపల్లి చివరి మజిలీ నుంచి నడిమి మజిలీ అయింది.

రేవంటే పడవ ఆగే మెట్లు మాత్రమే కాదు. సరుకు దించే గట్టు కావాలి. లోతు చాలకపోతే పూడిక తవ్వాలి. గోదాములు, డీజిల్ నిల్వ, లారీల బాట, పనివాళ్ల ఇళ్లు, వాటి మురుగు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. వీటిని భరించే శక్తి ఆ నీటికి ఎంత ఉందో ముందే తెలిస్తే వాడకానికీ రక్షణకూ మధ్య ఒప్పందం కుదుర్చుకోవచ్చు. ఈ వ్యాసం చెప్పదలచింది ఒక్కటే: వాడపల్లిలో గట్టు కట్టడానికి ముందు, కనీసం మూడేళ్ల పాటు అక్కడి నీటిని అన్ని కాలాల్లో కొలిచి, ఆ లెక్కలు జనం ముందు పెట్టాలి. ఈ వాదనకు గట్టి ఆధారం విశాఖపట్నంలో దొరుకుతుంది.

విశాఖ లోపలి హార్బరు ఒకప్పుడు ఆటుపోట్లకు నిండి తగ్గే బురద నేల. మేఘాద్రిగెడ్డ నీరు అందులోకే వచ్చేది. మధ్య పరగణాల మాంగనీసు ఎగుమతి కోసం ఆ బురదను తవ్వి, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన సన్నటి దారి తీసి, రెండు పాత ఓడల్ని ముంచి అలలకు అడ్డుకట్టగా వేశారు. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ ‘జలదుర్గ’ లోపలికొచ్చింది. తుఫానులో ఓడకు గొప్ప రక్షణ ఇచ్చే ఆ సన్నటి దారే నీటికి శాపమైంది. లోపలి నీరు సముద్రపు నీటితో మారడం నెమ్మదిస్తుంది కనుక, లోపల పడినది లోపలే పేరుకుంటుంది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1967లో ఎరువుల కర్మాగారం, 1977లో జింకు కర్మాగారం ఆ పరిసరాల్లోనే వచ్చాయి. పెరిగే ఊరి మురుగు గెడ్డల గుండా దిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగమూ, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రమూ ఈ హార్బరును దశాబ్దాలుగా పరిశీలిస్తూ వచ్చాయి. కానీ తవ్వకానికి ముందు ఆ బురద నేలలో ఏమేమి బతికేవో చెప్పే క్రమమైన లెక్క ఉంటేనే, నష్టంలో ఊరి వాటా ఎంత, పరిశ్రమ వాటా ఎంత, ఓడల వాటా ఎంత అని విడదీయడం వీలవుతుంది. ఆ ముందు లెక్క లేకపోతే, తర్వాతి కొలతలు ఎంత శ్రద్ధగా చేసినా ఆ లోటు పూర్తిగా తీరదు.

దీన్ని ఒక ఆల్చిప్ప కథ ఇంకా దగ్గరగా చూపిస్తుంది. 1967లో విశాఖ హార్బరులో ఒక కొత్త రకం చిప్ప కనబడింది. శాస్త్రనామం మైటిలాప్సిస్ సల్లేయి. వేలి గోరంత ఉంటుంది. సన్నటి పట్టు దారాల్లాంటి పోగులతో పట్టుకుని, ఒకదాని మీద ఒకటి గుత్తులుగా కరుచుకుంటుంది. ఓడ అడుగు, గట్టు స్తంభం, నీళ్ల గొట్టం దేన్నీ వదలదు. దాని పుట్టిల్లు మెక్సికో సింధుశాఖ, కరీబియన్ ప్రాంతం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు 1971లో దాని గురించి ప్రచురించారు. అప్పటికే అది స్థిరపడింది. ఆ తర్వాత ముంబయి హార్బరులోనూ కనిపించింది.

అదే చిప్ప 1999 మార్చిలో ఆస్ట్రేలియాలోని డార్విన్ పడవల రేవుల్లో బయటపడింది. అక్కడ ఆరు నెలల కిందటే, 1998లో, రేవులో ఏ జీవులున్నాయో లెక్కగట్టే సర్వే జరిగింది. ఆ సర్వేలో ఈ చిప్ప లేదు. రెండోసారి దిగినప్పుడు గుత్తులు గుత్తులుగా ఉంది. లేదు, ఉంది అనే రెండు లెక్కల మధ్య ఆరు నెలలే ఉన్నందున, అది కొత్తగా వచ్చిందనీ ఇంకా పాకలేదనీ అధికారులు నిర్ణయించగలిగారు. అవి తలుపులున్న రేవులు. మూసేసి, క్లోరిన్, కాపర్ సల్ఫేట్ కలిపి చంపేశారు. ఆ మందు రేవులోని మిగతా జీవుల్నీ చంపింది. అది చిన్న మూల్యం కాదు. అయినా చిప్ప పోయింది. విశాఖకూ డార్విన్‌కూ ఆటుపోట్లు వేరు, రేవుల పరిమాణం వేరు, అధికారాల అమరిక వేరు. కాబట్టి ఒకచోట జరిగింది మరోచోట జరిగి తీరుతుందనలేం. ముందు లెక్క ఉన్నచోట నిర్ణయం వారాల్లో జరిగిందన్నంత వరకు చెప్పవచ్చు. ఆ చిప్ప ఉప్పు తగిలే నీటిది, వాడపల్లి దాకా వస్తుందని ఎవరూ భయపడనక్కర్లేదు. ఇక్కడి ప్రమాదాలు వేరు.

వాడపల్లి నీటి సంగతి చూద్దాం. నాగార్జునసాగర్ జలాశయం నుంచి, పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణ నీరు కోదండాపూర్‌లో శుద్ధయి, మూడు దశల పథకంలో రోజుకు 270 మిలియన్ గ్యాలన్ల లెక్కన హైదరాబాదుకు వెళుతుంది. నగరం తాగి, కడుక్కుని వదిలిన నీటిలో పెద్ద భాగం మూసీలో పడుతుంది. ఆ మూసీ నల్గొండ, సూర్యాపేట పొలాల్ని తడిపి, మిగిలినది వాడపల్లి దగ్గర మళ్లీ కృష్ణలోకే చేరుతుంది. వాడపల్లికి ఎగువన వెళ్లిన నీరే వాడపల్లిలో తిరిగొస్తున్నదన్నమాట. ఇక్కడ రేవు కట్టడమంటే హైదరాబాదు మురుగు కాలువ చివరన రేవు కట్టడం కూడా.

ఎంత మురుగు మిగిలి వస్తుంది? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో గుర్తించిన 351 కలుషిత నదీ భాగాల్లో హైదరాబాదు నుంచి నల్గొండ దాకా మూసీని మొదటి వరుసలో, అంటే అత్యంత కలుషిత భాగాల్లో పెట్టింది. మరోపక్క ఊరట కలిగించే ఆధారమూ ఉంది. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పనితో ముడిపడిన పరిశోధకులు 2010లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, హైదరాబాదు దాటాక సుమారు 40 కిలోమీటర్ల దూరంలో సేంద్రియ కాలుష్యం, మలసంబంధ సూక్ష్మజీవులు, పేగు పురుగుల గుడ్లు బాగా తగ్గాయి. దీని వెనకున్నవి పాత కత్వలు, అంటే ఏటికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టలు. కత్వ నీటిని నిలబెడుతుంది, నిలిచిన నీటిలో మడ్డి అడుక్కు దిగుతుంది, నీరు పొలాల్లోకి పారి మట్టిలో వడగట్టుకుని మళ్లీ ఏట్లో పడుతుంది. నిజాం కాలపు సాగునీటి కట్టడాలు తెలియకుండానే మురుగు శుద్ధి చేస్తున్నాయి. అయితే ఆ పరిశోధన దూరం 40 కిలోమీటర్లే. దాన్ని వాడపల్లి దాకా సాగదీసి ‘మూసీ తనంతట తానే బాగుపడుతుంది’ అనడం ఆధారాన్ని మించిన మాట. ఉప్పులు, లోహాలు ఆ పద్ధతిలో అంతగా తగ్గవు. మందుల అవశేషాల సంగతి మరీ ముఖ్యం. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ అసాధారణ మోతాదులో ఉందని ప్రచురించారు. ఆ కేంద్రం నీటిని తర్వాత గొట్టం ద్వారా అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం వైపు మళ్లించారు. అక్కడి నుంచి దారి మూసీకే. అందుకే వాడపల్లిలో కొలవాల్సిన జాబితాలో సేంద్రియ కాలుష్యాన్ని చూపే మామూలు బీఓడీతో పాటు యాంటీబయాటిక్కులూ ఉండాలి. అడుగు మట్టిని కొలవడం ఇంకా అవసరం. రేవు కోసం పూడిక తవ్వితే, ఏళ్లుగా అడుగున పడి ఉన్నది నీటిలోకి లేస్తుంది. ఆ తవ్విన మట్టిని ఎక్కడ పోస్తారన్నది రేవు నమూనా కన్నా ముందు తేలాల్సిన ప్రశ్న.

రెండో సంగతి, నీటి మట్టం. సముద్రపు రేవులో ఆటుపోట్ల పట్టిక చూసి ఓడ రావచ్చు. వాడపల్లిలో మట్టాన్ని నిర్ణయించేది ఎగువన సాగర్ గేట్లు, దిగువన పులిచింతల గేట్లు. 2014లో ఏర్పడిన కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ముందు రెండు రాష్ట్రాలూ వాదించుకునేది తాగునీరు, ఆయకట్టు, కరెంటు గురించి. పడవకు కావలసిన లోతు ఆ వరుసలో ఎక్కడా లేదు, ఉండాలని ఆశించడమూ న్యాయం కాదు. 45.77 టీఎంసీల పులిచింతల నిండితే నీరు వెనక్కి మట్టపల్లి వైపు తన్నుతుంది. కానీ 2021 ఆగస్టు 5న అక్కడి 16వ గేటు కొట్టుకుపోయినప్పుడు, దాని స్థానంలో తాత్కాలిక అడ్డుపలక (స్టాప్‌లాగ్) దించడానికి జలాశయాన్ని చాలా మేర ఖాళీ చేయాల్సి వచ్చింది. ఒక్క గేటు పోతే కొద్ది రోజుల్లో మట్టం ఎంత మారుతుందో ఆ వారం చూపింది. పైగా జలమార్గం మొదటి దశ పనులకు ఎంచుకున్నది ముక్త్యాల నుంచి విజయవాడ దాకా 82 కిలోమీటర్లు. ముక్త్యాల పులిచింతలకు దిగువన ఉంది. అక్కడి దాకా వచ్చిన పడవ వాడపల్లి చేరాలంటే ఆనకట్టను దాటాలి. లాకు లేకుండా అది కుదరదు.

సరుకు ఉందా అంటే, ఉంది. వాడపల్లి, మేళ్లచెరువు, జగ్గయ్యపేట సున్నపురాయి పట్టీలో సిమెంటు కర్మాగారాలు వరుసగా ఉన్నాయి. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రానికి 2015లో పునాది వేశారు. అయితే బీబీనగర్–నడికుడి రైలు మార్గం విష్ణుపురం మీదుగా ఇప్పటికే పోతోంది, నార్కట్‌పల్లి–అద్దంకి రహదారీ వాడపల్లి దగ్గరే కృష్ణను దాటుతుంది. రైలు పక్కనే ఉన్నప్పుడు సిమెంటు బస్తా పడవెక్కడానికి ఖర్చు తేడా ఎంతుండాలో, ఏడాదిలో ఎన్ని నెలలు లోతు ఉండాలో లెక్క తేలకుండా ‘చౌక రవాణా’ అన్న మాట వాడకూడదు. యాత్రికుల పడవలు, పర్యాటక పడవలు నడపడం అంతకన్నా సులువైన ఆరంభం కావచ్చు. దానికి తవ్వకం తక్కువ, గోదాములు అక్కర్లేదు.

వరద మాటకు వస్తే, 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో జరిగింది ఇక్కడి ప్రణాళికకారులు ప్రత్యేకంగా చదవాలి. ప్రకాశం బ్యారేజీకి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఎగువన కట్లు తెగిన ఇనుప పడవలు కొట్టుకొచ్చి గేట్లకు గుద్దుకున్నాయి. గేట్లను ఎత్తడానికి సాయపడే కౌంటర్‌వెయిట్లు విరిగాయి. ఇరుక్కున్న పడవల్ని తీయడానికి వారాలు పట్టింది. వాడపల్లిలో పడవలు నిలపాలంటే వరద రోజు అవి ఎక్కడుంటాయో ముందు చెప్పాలి. అవి తెగితే దిగువన తగిలేది పులిచింతల గేట్లకే.

చట్టాల వైపు నుంచి చూస్తే వాడపల్లికి విశాఖకున్న అండ కూడా లేదు. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు 1991 నుంచి ఉన్నా అవి సముద్రతీరానికీ ఆటుపోట్లు తగిలే నీటికీ వర్తిస్తాయి. 2017 చిత్తడి నేలల నియమాలు నదీ ప్రవాహ మార్గాలను మినహాయించాయి. జలమార్గం కేంద్ర సంస్థది, నీరు రాష్ట్రాలది, కాలుష్యం మండలిది, చేపలు మత్స్యశాఖవి, గుడి రేవు దేవాదాయ శాఖది. విశాఖలో కనీసం పోర్టు అథారిటీ అనే ఒక తలకాయ ఉంది, నిలదీయడానికి. ఇక్కడ నిలదీయడానికి అలాంటి ఒక్క సంస్థ లేదు. పుట్టి వేసుకుని వల విసిరే మత్స్యకారుల సహకార సంఘాలకు ఈ చర్చలో కుర్చీ వేయడం దయ కాదు, అవసరం. ఏ నెలలో చేపలు చచ్చి తేలాయి, గుర్రపుడెక్క ఎప్పుడు దిగింది, నీటికి వాసన ఏ వానకు పోయింది అన్నవి వాళ్లకు తెలిసినంతగా నెలకోసారి సీసాలో నీళ్లు పట్టుకుపోయే ఉద్యోగికి తెలియవు. కొల్లాపూర్ వైపు శ్రీశైలం వెనుక జలాల్లో చేపపిల్లల్నీ వదలని సన్నకన్నుల అలివి వలల గొడవ ఏళ్ల తరబడి నలుగుతూ వచ్చింది. నీటి మీద హక్కులు ముందు తేల్చుకోకుండా కొత్త వాడకందార్లను దింపితే పేదవాడి వలే మొదట తెగుతుందని ఆ గొడవ చూసినవారికి చెప్పనక్కర్లేదు.

కొలతల పని ఖాళీ పలక మీద మొదలుపెట్టాల్సింది కాదు. కేంద్ర జల సంఘం దామరచర్ల దగ్గర మూసీ ప్రవాహాన్ని కొలుస్తూనే ఉంది. దానికి నాలుగు చోట్లు జతచేస్తే చాలు: సంగమానికి పైన మూసీ, పైన కృష్ణ, కలిశాక కొంత దిగువ, రేవు అనుకుంటున్న మడుగు. వానకాలం, యాసంగి, ఎండాకాలం మూడింటిలో నీరు, అడుగు మట్టి, చేపలు చూడాలి. సాగర్ గేట్లు తెరిచిన రోజునా మూసిన రోజునా విడిగా పట్టాలి, ఎందుకంటే కృష్ణ పారకుండా ఆగిన వారంలో వాడపల్లి మడుగులో మూసీ వాటా ఎక్కువవుతుంది. ఏడాది సగటు తీస్తే ఆ వారం కనబడకుండా పోతుంది. ఆ లెక్కలు తెలుగులో, నెలనెలా, దామరచర్ల మండల కార్యాలయం గోడ మీద అంటించాలి. గట్టుకు టెండరు పిలిచే కాగితానికి మూడేళ్ల ఆ పట్టిక జతపరచాలన్న షరతును జలమార్గాల సంస్థ, రాష్ట్ర నీటిపారుదల శాఖ కలిసి ఇప్పుడే రాసుకోవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు.