రెట్ట విలువ, నేల వెల

పెరట్లో పక్షిశాల కట్టుకోవాలనుకునేవారు ముందు వల గురించి ఆలోచిస్తారు, తర్వాత కప్పు గురించి. నేల వంతు వచ్చేసరికి చేతిలో డబ్బు తగ్గిపోయి ఉంటుంది. అందుకే చవకలో ఏ నేల వేయాలన్న ప్రశ్న ఎప్పుడూ కాస్త దిగులుగానే వినిపిస్తుంది, సిమెంటు వేయలేనివాళ్ళు ఎలాగో సర్దుకోవలసిన సంగతిలాగా. పక్షులను పెంచిన మనుషుల చరిత్ర చదివితే ఈ దిగులుకు ఆధారం కనబడదు. ప్రభువులు, భూస్వాములు కట్టించిన పావురాల గూళ్ళలో కూడా చాలా చోట్ల అడుగున ఉన్నది మట్టే. ఆ మట్టినేల వందల ఏళ్ళు పనికొచ్చిందంటే దానికి రెండు కారణాలు. వాననీరు దానిదాకా రాకుండా కట్టారు. కింద పడ్డ రెట్టకు విలువ ఉంది కనుక ఎవరో ఒకరు వచ్చి ఎత్తుకుపోయారు. ఈ రెండూ కుదిరిన చోట చవక నేల సరిపోయింది. ఈ రెంటిలో ఏది తప్పినా ఖర్చు నేల మీద పడింది. పక్షిశాల నేల ఎంత ఖరీదు కావాలో తేల్చేవి నీరు, రెట్ట అనే ఈ రెండు లెక్కలే అన్నది నా వాదన.

పాత సాక్ష్యం రోమన్ పండితుడు వర్రోది. క్రీ.పూ. 37లో, దాదాపు ఎనభయ్యో ఏట, ఆయన వ్యవసాయం మీద మూడు భాగాల పుస్తకం రాశాడు. మూడో భాగంలో పక్షిశాలలున్నాయి. వాటిని ఆయన రెండు రకాలుగా విడదీశాడు: సరదాకు కట్టేవి, లాభానికి కట్టేవి. లాభం చిన్నదేమీ కాదు. వయా సలారియా బాటలో రోముకు ఇరవై నాలుగో మైలురాయి దగ్గర తన మేనత్తదో పినతల్లిదో అయిన ఒక పొలంలో ఒక్క ఏడాదిలో 5,000 థ్రష్ పిట్టలు ఒక్కొక్కటి మూడు డెనారియస్‌లకు అమ్ముడై 60,000 సెస్టెర్స్‌లు వచ్చాయని లెక్క చెప్పాడు. అలాంటి శాలకు నీటి ఏర్పాటు ఎలా ఉండాలో ఆయన చెప్పిన తీరు ఈనాటి పెంపకందారుకూ పాఠమే. నీరు గొట్టం ద్వారా లోపలికి రావాలి. సులువుగా తుడవగలిగే సన్నని కాలువల్లో పారాలి. వెడల్పుగా పరుచుకుంటే త్వరగా మురికి పడుతుంది, తాగేందుకూ అక్కరకు రాదు. పొంగి మిగిలినది మరో గొట్టంలోంచి బయటికి పోవాలి, పక్షులకు బురద బాధ ఉండకూడదు. ఇక్కడ ఆయన నేలను రాతితో కప్పమని అనలేదు. నీటికి దారి చూపించి, ఆ దారిని ఇరుకు చేసి, దాటితే ఎటు పోవాలో చెప్పాడు. తడిసే చోటు చిన్నదైతే మిగతా నేలంతా మామూలుగా ఉండిపోవచ్చు. తూము, కాలువ మీద పెట్టిన కొద్ది ఖర్చు నేల మొత్తం మీద పెట్టాల్సిన పెద్ద ఖర్చును తప్పిస్తుందన్న సూక్ష్మం ఆ నాలుగు వాక్యాల్లో ఉంది.

అదే పుస్తకం మొదటి భాగంలో, ఎరువుల ప్రస్తావనలో, ఇంకా విలువైన సంగతి ఉంది. థ్రష్‌లు, నల్లపిట్టలు ఉండే శాలల రెట్టను వర్రో అన్నిటికన్నా మేలైనదిగా లెక్కవేశాడు. పొలానికి ఎరువుగానే కాదు, ఎద్దులకు, పందులకు మేతగా కూడా పనికొస్తుందన్నాడు. అందువల్ల పక్షిశాలను కౌలుకు తీసుకునేవాళ్ళు, రెట్ట పొలంలోనే ఉండిపోవాలని యజమాని షరతు పెడితే తక్కువ కౌలు ఇస్తారట, రెట్ట తమదే అయితే ఎక్కువ ఇస్తారట. అంటే పక్షిశాల నేల మీద రోజూ పడేదానికి ఒప్పందంలో ధర రాసుకున్న కాలమది. ధర ఉన్నదాన్ని ఎవరూ కుళ్ళనివ్వరు. దీని వెనుక శ్రమ ఎవరిదన్న ప్రశ్న న్యాయమైనదే. ఆ కాలువలు తుడిచింది, రెట్ట తోడింది బానిసలు. రోమన్ పక్షిశాల నేల చవకగా కనబడటంలో జీతమివ్వని చేతుల వాటా ఎంతో ఉంది, దాన్ని పక్కన పెట్టి ఆ పద్ధతిని మెచ్చుకోవడం సరికాదు. ఈ అభ్యంతరాన్ని ఒప్పుకుంటూనే ఒక మాట. శ్రమను తగ్గించేందుకే కాలువను ఇరుకుగా, తుడవడానికి వీలుగా పెట్టమన్నాడు కదా. శ్రమ ఎంత ఖరీదైతే ఆ సలహా అంత విలువైనదవుతుంది.

ఇరాన్‌లోని ఇస్ఫహాన్ చుట్టూ ఈ లెక్క ఒక కొసకు చేరింది. పదిహేడో శతాబ్దంలో సఫవీ పాలకుల రాజధానిలో ఏళ్ళ తరబడి గడిపిన ఫ్రెంచి యాత్రికుడు షార్దాన్, ఆ నగరం చుట్టుపక్కల మూడు వేలకు పైగా పావురాల బురుజులున్నాయని రాశాడు. పచ్చి ఇటుకతో కట్టిన ఎత్తయిన గుండ్రని బురుజులు, లోపలి గోడల నిండా గూళ్ళు, కింద విశాలమైన నేల. పావురాలు పొలాల మీద తిని గూటికి వచ్చి రెట్ట వేస్తాయి, అది పుచ్చ, ఖర్బూజా తోటలకు వెళ్తుంది. నేలకు చేరే దారిని మూసి ఉంచి, ఏడాదికోసారి తెరిచి తోడుకునేవారు. అక్కడ నేలకు వాలు అక్కర్లేదు, తూము అక్కర్లేదు. ఏడాది వాన ఐదారు అంగుళాలు కూడా పడని చోట ఆ సమస్యే లేదు.

మరి ఎడారి అంచు ఊరి సంగతి వానలు పడే దేశానికి ఎలా చెల్లుతుందని అడగవచ్చు. దానికి జవాబు ఇంగ్లండు చరిత్రలో ఉంది, అదీ ఎవరూ ఊహించని చోట, తుపాకిమందు చరిత్రలో. తుపాకిమందుకు ప్రాణం సూరేకారం. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో ఇంగ్లండుకు అది దొరికిన చోట్లలో పావురాల గూళ్ళ నేల ముఖ్యమైనది. రాజు తరఫున వచ్చే సూరేకారం మనుషులకు పావురాల గూళ్ళు, గుర్రపుశాలలు, కొన్నిసార్లు ఇళ్ళ నేలలు సైతం తవ్వుకుపోయే అధికారం ఉండేది. 1620ల్లో, మొదటి ఛార్లెస్ రాజు కాలంలో, పావురాల గూళ్ళ నేలను రాయితోగానీ ఇటుకతోగానీ చెక్కతోగానీ కప్పకూడదని, సూరేకారం పుట్టేందుకు వీలుగా మెత్తని మట్టిగానే ఉంచాలని ప్రకటన వెలువడింది. ఖర్చుపెట్టి మంచి నేల వేసుకోగలిగినవాడికి కూడా మట్టినేలే చట్టమయింది. జనం దీన్ని భరించలేకపోయారు. యజమాని అనుమతి లేకుండా తవ్వరాదని 1656లో పార్లమెంటు చట్టం చేసింది. ఈలోగా ఈస్టిండియా కంపెనీ ఓడల్లో మన దేశపు సూరేకారం వెళ్ళడం మొదలైంది. బీహారు ఊళ్ళలో నునియా కులస్థులు మట్టి గీరి, కడిగి, కాచి తీసిన ఉప్పు అది. ఆ సరుకు పెరిగేకొద్దీ ఇంగ్లండు పావురాల గూళ్ళ మీద రాజ్యం కన్ను మళ్ళింది. ఇంగ్లండు పల్లెల్లో పక్షుల నేలకు విడుదల దొరకడంలో బీహారు కూలీ చెమట ఉందన్న సంగతి చరిత్ర పుస్తకాల్లో ఇంకా పెద్ద అక్షరాలతో ఉండాల్సింది.

ఇందులో మనకు కావాల్సిన సాక్ష్యం రసాయనశాస్త్రం చెబుతుంది. రెట్టలోని నత్రజని సూరేకారంగా మారేది సూక్ష్మజీవుల వల్ల. ఈ సంగతిని 1877లో ఫ్రాన్సులో ష్లోజింగ్, మ్యుంట్స్ నిరూపించారు. ఆ సూక్ష్మజీవులకు గాలి ఆడే వదులు మట్టి కావాలి, కొద్దిపాటి చెమ్మ చాలు. నీరు నిలిస్తే వాటి పని ఆగిపోతుంది. పైగా తయారైన సూరేకారం నీటిలో ఇట్టే కరిగిపోతుంది, వాన తగిలితే మిగలదు. కనుక ఇంగ్లండంతటి ముసురు దేశంలో పావురాల గూళ్ళ కింద తవ్వి తీసుకునేంత సూరేకారం పేరుకుందంటే ఆ మట్టినేలలు ఏళ్ళ తరబడి వానకు తడవకుండా ఉన్నాయన్నమాట. మందమైన గోడ, బాగా వాలుగా దిగిన కప్పు, గోడ దాటి ముందుకొచ్చిన చూరు, చుట్టుపక్కల కన్నా ఎత్తయిన చోటు ఉంటే ఆ పని జరుగుతుంది. వాన దేశంలో మట్టినేల పనికిరాదన్న మాటకు రాజు తవ్వించిన గోతులే సమాధానం.

పందొమ్మిదో శతాబ్దంలో లెక్క మారింది. 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. 1840 ప్రాంతాల్లో పెరూ దీవుల నుంచి గ్వానో అనే సముద్రపక్షుల రెట్ట ఓడలకొద్దీ బ్రిటన్‌కు దిగసాగింది, 1842లో లాస్ అనే ఆంగ్లేయుడు కృత్రిమ ఎరువైన సూపర్‌ఫాస్ఫేట్‌కు పేటెంటు పొందాడు. ఇంటి పక్షుల రెట్టకు రైతు ఇచ్చే ధర అక్కడితో పడిపోయింది. సరిగ్గా 1840లోనే జాన్ గూల్డ్ ఆస్ట్రేలియా నుంచి బడ్జరిగార్ చిలుకలను ప్రాణాలతో ఇంగ్లండుకు తెచ్చాడు, తర్వాతి దశాబ్దాల్లో పెరటి పక్షిశాల మామూలు కుటుంబాలకూ అందింది. ఇవి ఒకదానికొకటి కారణాలని నేననను. కానీ ఎరువు కోసం కాక ముచ్చట కోసం పక్షిని పెంచే మనిషి వచ్చేనాటికి రెట్ట పారేయాల్సిన చెత్త అయిపోయింది. చెత్తను వదిలించుకునే సులువైన దారి నీళ్ళు కొట్టి కడగడం. కడగాలంటే నీరు తాగని నేల కావాలి, వాలు కావాలి, మురికినీరు పోయే మోరీ కావాలి. ఇవాళ పక్షిశాల నేల అనగానే మనకు తోచే ఖరీదంతా ఈ కడిగే అలవాటుతో వచ్చింది.

ఆ అలవాటును మొదట గట్టిగా ప్రశ్నించినవాళ్ళు కోళ్ళ శాస్త్రవేత్తలు. కోళ్ళ షెడ్డును తరచూ గీరి, కడిగి, మందు చల్లడమే ఆరోగ్యమని అందరూ నమ్మిన రోజుల్లో అమెరికాలోని ఒహైయో వ్యవసాయ ప్రయోగ కేంద్రంలో కెన్నార్డ్, ఛాంబర్లిన్ అందుకు విరుద్ధమైన పద్ధతిని పరీక్షించారు. నేల మీద పరిచిన పొట్టు తీసేయకుండా పైపైన కొత్తది చేరుస్తూ, అప్పుడప్పుడు కాస్త సున్నం కలిపి తిరగేస్తూ, అర అడుగు పైబడి మందంగా పెరగనిచ్చారు. 1940ల్లో వారు వెల్లడించిన ఫలితాల్లో పాత పొట్టు మీది కోళ్ళు ఆరోగ్యంగా ఉన్నాయి. ఆ పొట్టులో సూక్ష్మజీవులు తయారుచేసే పోషకాల్లో బి12 విటమిన్ ఒకటని తర్వాత తేలింది. మన దేశంలో కోళ్ళ పరిశ్రమ ఎదిగిన తొలినాళ్ళలో డీప్ లిట్టర్ పేరుతో వరి ఊక, వేరుశనగ పొట్టు వాడుతూ స్థిరపడినది ఈ పద్ధతే. గుప్పిట పట్టి నొక్కి వదిలితే ఊక పొడిపొడిగా రాలాలి, ముద్దకడితే తడి ఎక్కువైనట్టు. ఆ తడిలోనే కాక్సీడియా రోగం గుడ్లు పక్వానికి వస్తాయి. నేల పొడిగా ఉంటే ఆ రోగం బలం తగ్గుతుంది.

అయితే కోడికి చెల్లింది చిలుకకు చెల్లుతుందా అన్నది బలమైన అభ్యంతరం. నేల మీద గింజలేరుకునే ఆస్ట్రేలియా చిలుకలకు ఏలికపాములు ప్రాణాంతకం. ఆ పురుగు గుడ్లు మట్టిలో చాలాకాలం బతికుంటాయి. బూజు పట్టిన ఊక అన్ని పక్షుల ఊపిరితిత్తులకూ చేటే. కాబట్టి పైన కప్పులేని చోట, వానకు తడిసే మట్టి మీద ఇలాంటి పక్షులను ఉంచకూడదు. అక్కడ రాయో సిమెంటో కావాల్సిందే, లేదంటే పైపొరను తీసి మార్చుకోగలిగే ఇసుకైనా ఉండాలి. నా వాదన దీనితో కూలిపోదు. ఆ పురుగు గుడ్డు లోపల ఎదగాలన్నా చెమ్మ కావాలి. శాల మొత్తానికి కప్పు వేసే స్తోమత లేకపోతే కప్పున్న భాగానికి చవక నేల, తడిసే భాగానికే గట్టి నేల అని పంచుకోవచ్చు. వర్రో నీటి విషయంలో చేసింది అదే. ఎలుకలు తవ్వుకొస్తాయన్న భయం కూడా నిజమే. దానికి మట్టి కింద సన్నకన్నుల ఇనుప జాలీ పరిచి, అంచులను గోడ పునాదిలోకి దించితే చాలు, నేలంతా సిమెంటు పోయనక్కర్లేదు.

తెలుగు నేలకు ఈ లెక్క సులభంగా సరిపోతుంది, ఎందుకంటే కావాల్సిన సరుకంతా దగ్గర్లోనే ఉంది. తెలంగాణలో మొరం, కోస్తాలో గ్రావెల్ పోసి నీళ్ళు చల్లి దిమ్మిసతో కొడితే అడుగు అంతెత్తు దిమ్మె తయారవుతుంది. చుట్టూ నీరు చేరని ఆ ఎత్తే సగం డ్రైనేజీ. దాని మీద ఆరేడు అంగుళాల ఇసుక, మూరెడు ముందుకొచ్చిన చూరు, చూరు నీళ్ళు పడేచోట గులకరాళ్ళు నింపిన కాలువ. నీళ్ళ తొట్టి, స్నానపు పళ్ళెం ఉండే మూలలో మాత్రం ఒకటి రెండు తాండూరు బండలో కడప బండలో బయటికి వాలుగా పరిచి, గోడలో చిన్న తూము పెట్టాలి. ఖర్చుకు తగిన చోటు అదొక్కటే. ఇసుక పైపొరను వారానికోసారి జల్లించి తీసిన రెట్టను నేరుగా మొక్కల మొదట్లో వేయకూడదు, పచ్చి రెట్ట ఘాటుకు వేళ్ళు మాడతాయి. ఆకులతో కలిపి కొన్ని నెలలు మగ్గనిస్తే గులాబీలకు, కూరపాదులకు ఎరువవుతుంది. దాన్ని అడిగి పట్టుకెళ్ళే పొరుగువారు ఉంటే శాల శుభ్రత గురించి యజమాని వేరే బెంగ పెట్టుకోనక్కర్లేదు.