పొగకు వెల కట్టిన కథ

ఉగాది పచ్చడికి పొయ్యితో పనిలేదు గాని, బొబ్బట్లకు పొయ్యి వెలిగింపక తప్పదు. ఆ వంటింటి నిప్పును గురించిన చరిత్ర యొకటి మనము కాపురముండు ఈ గడ్డమీదనే జరిగినది. ఈ శుభదినమున దానిని సోదర సోదరీమణులకు మనవి చేయదలచితిమి.

ఉద్యోగరీత్యా చిక్కబళ్ళాపురము చేరిన మనబోటివారికి మొదట సంతోషము గలిగించునది, బాగేపల్లి, చింతామణి పల్లెలలో వినవచ్చు తెలుగు. రెండవది ఆశ్చర్యము. పెన్న, పాపఘ్ని, చిత్రావతి ఈ కొండలలోనే పుట్టి ఆంధ్రదేశమునకు పోవుచున్నవి. అయినను ఏడాది పొడుగునా పారు ఏరు ఇక్కడ ఒక్కటియు లేదు. నీరు లేని చోట చెట్టు పెరుగదు, చెట్టు లేని చోట వంటచెరకు దొరకదు. కంపయు పుల్లలును ఏరి తలమోపుగా తెచ్చుట ఆడవారి పని. కండ్లమంట, దగ్గు వారి కూలి. పైగా కిరసనాయిలు కొనవలెను.

1977లో ఏర్పడిన అడాట్స్ అను సంస్థ అండతో చిన్న రైతులును కూలీలును బాగేపల్లి కూలీ సంఘముగా కూడిరి. అటు ప్రపంచమున, 1997లో జపానులోని క్యోటో నగరమున ఒక ఒడంబడిక జరిగినది. బొగ్గు, పెట్రోలు మిక్కిలిగా కాల్చు ధనిక దేశములు తమ పొగను తగ్గించవలెను. లేదా, పేద దేశములలో ఎవరైన తగ్గించిన పొగను కొని తమ లెక్కలో వేసికొనవచ్చును. అది 2005 ఫిబ్రవరిలో అమలునకు వచ్చినది. ఆ యేడు డిసెంబరులోనే బాగేపల్లి గోబరుగ్యాసు పథకము ఐక్యరాజ్యసమితి పట్టీలోనికి ఎక్కినది. నాటి కోలారు జిల్లాలోని ఐదు తాలూకాలలో 5,500 ఇండ్లకు ఒక్కొక్క గ్యాసు గుంత అని ఏర్పాటు.

ఒక్కొక్క గుంత రెండు ఘనమీటర్లది. రోజునకు సుమారు 50 కిలోల పేడ, అంతే నీరు కలిపి పోయవలెను. ఆ గ్యాసు దాదాపు 7 కిలోల కట్టెల పని చేయును. మిగిలిన మడ్డి చేనికి ఎరువు.

మేము రైలు కచేరీలో రశీదులు వ్రాయువారము. తూకము లేనిదే కిరాయి కట్టము. ఇక్కడనో, పుట్టని పొగకు తూకము వేసిరి! కాల్చని కట్టెను, కిరసనాయిలును లెక్కించి, ఇంటికి ఏటా సుమారు మూడున్నర టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గునని తేల్చిరి. వ్యాగను కదలకయే ఆ సరుకు సముద్రములు దాటినది.

అయితే బేరమునకు రెండవ ముఖము గలదు. 2008 నడుమ టన్నుకు 20 యూరోలు మించి పలికిన ధర, 2012 చివరకు ఒక్క యూరోకు దిగువన పడినది. ఐరోపాలో వ్యాపారము మందగించుట, అమ్మవచ్చినవారు ఎక్కువగుట అందులకు హేతువులు. వేరుసెనగ పండించు రైతునకు తెలిసిన కష్టమే ఇది: సరుకు మనది, ధర పరులది. మరియు, బాగేపల్లి అమ్మ మిగిల్చిన పొగను చూపి, దూరదేశపు కర్మాగారము తన బొగ్గును కాల్చుకొనుట న్యాయమా? ఈ ప్రశ్నకు ఏ పద్దుపుస్తకమునను జవాబు లేదు.

కాని ధర పడిన నాడును గుంత గుంతయే. పేడ వేసినన్నాళ్ళు మంట వచ్చును. వంటింట పొగ యుండదు. కరవు వచ్చి పశువులను అమ్ముకొన్న నాడు మాత్రము గుంత ఎండును. కాబట్టి చెరువును, పచ్చికను, ఆవును కాపాడుటయు, పొయ్యిని కాపాడుటయు ఒక్కటే.

2016 నుండి ఉజ్జ్వల పథకమువలన పేద ఇండ్లకును సిలిండరు చేరుచున్నది, మంచిదే. అయినను దేశమునకు కావలసిన వంటగ్యాసులో సగమునకు మించి విదేశములనుండి రావలసి యున్నది. దాని వెల మన చేతిలో లేదు. పేడకు మాత్రము పరదేశపు ధర లేదు.

పట్టణమున అద్దె ఇండ్లలో నుండు మనము ఆవులను పెంచలేము. కాని పండుగనాడు బొబ్బట్టు కాలుచున్నపుడు ఆ మంట ఎక్కడిదో, దాని ఖర్చు ఎవరు భరించుచున్నారో పిల్లలకు చెప్పగలము. వృథాగా మండు పొయ్యిని ఆర్పగలము. ఈ పాటి చేసినను, మనకు నీడనిచ్చిన ఈ నేల ఋణమున కొంతైనను తీరునని మా నమ్మకము.