డొల్ల చప్పుడు

జర ఇటు జరుగుండ్రి, పొగ అటు కొడుతది. ఒరే పెద్దోడా, కుంపట్ల ఇంకో రెండు బొగ్గు పెళ్లలెయ్యి. చిన్నగ వెట్టు, ఇసిరేస్తే నిప్పురవ్వలు లేస్తయి. ఆఁ, గట్ల.

ఇయ్యాల పొద్దుగాల అమెరికాల ఉన్న మీ అన్న ఫోన్ చేసిండు. పడవ కొంటడట. అది గూడ పాతది, వాని కంటె పెద్దదట వయసుల. ముప్పై నాలుగడుగుల తెరచాప పడవ. "ఏందిరా, ఇల్లు కొంటవనుకుంటే పడవ కొనవడితివి" అన్న. "ఇల్లు దాంట్లనే ఉన్నది తాతా" అని ఫోన్‌ల తిప్పి తిప్పి చూపిచ్చిండు. పండుకొను రెండు మంచాలు, వండుకొను పొయ్యి, ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే మిషన్. గొలుసులతోని రెండు లంగర్లు. నాలుగు తెరచాపలు, అండ్ల ఒకటి గాలివాన కోసమని చిన్నగ కుట్టింది. చుక్కాని మనిషి పట్టుకోకున్నా దానంతటదే తిరుగుతదట. ఇగ ఎండకు కరెంటు పుట్టిచ్చే పలకలు. మన ఎన్‌టీపీసీ చెరువు మీద 2022ల ఐదు వందల ఎకరాల నీళ్లల్ల పరిచి వంద మెగావాట్లు తీస్తుండ్రు చూసిండ్రు గదా, అసొంటియే, వానికి రెండే ఉన్నయి.

మీ నాయనమ్మ కొంగు నోట్లె వెట్టుకున్నది. సముద్రమంటే ఆమెకు గోదారి వరదే యాదికొస్తది. వాడేమో తారిణి అనే నేవీ పడవ ముచ్చట తీసిండు. 2017 సెప్టెంబర్ల గోవ కాడికెల్లి ఆరుగురు నేవీ ఆడపిల్లలు యాభై ఐదడుగుల తెరచాప పడవల బయలెల్లి, భూమి సుట్టు తిరిగి మల్ల 2018 మే నెలల గోవలనే దిగిండ్రట. అండ్ల మన తెలుగోళ్లు ఇద్దరు, విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య. "గా పిల్లల నేర్పు వీనికెక్కడిది" అన్నది మీ నాయనమ్మ. ఆమె అన్నదాంట్ల తప్పేం లేదు.

నేనైతే ఒక్కటే అడిగిన. "సామాను సరే బిడ్డా, కొట్టి చూసినవా?"

వానికి సమజ్ గాలే. మీకు గూడ గాదు. ఇనుండ్రి.

నేను బొగ్గు బాయిల టింబర్ పని చేసినోణ్ణి. మన దిక్కు బాయిలు 1961ల మొదలైనయి, నేను కొన్నేండ్లకు చేరిన. అప్పుడు పైన రూఫ్‌ను ఆపేది కట్టెలే. దిమ్మె నిలవెట్టే ముందు రూఫ్‌ను కొట్టి చూడాలె. ఒక చేత్తోని కర్ర పట్టి కొట్టుడు, ఇంకో చేతి ఏండ్లు రూఫ్‌కు ఆనిచ్చి ఉంచుడు. గట్టి రాయైతే కంగుమంటది, ఏండ్లకు ఏం తెల్వది. లోపల పొర ఇడిస్తే చప్పుడు మొద్దుగ వస్తది, డప్పు తడిసినట్టు, ఏండ్ల కింద సన్నగ వణుకుతది. ఆ వణుకు తెలిసినంక ఒక్క అంగ గూడ ముంగటికెయ్యద్దు. నాకు నేర్పిన సర్దార్ సారు చెవుల కన్న ఏండ్లనే నమ్ముమనేటోడు.

గోదారి ఒడ్డున మా మేనమామకు నావ ఉండె. జనాన్ని అవతలొడ్డుకు ఏసేటోడు. పైసలు తక్కువ, పంటలచ్చినప్పుడు కళ్లాల కాడ గింజలు కొలిచేటోళ్లు. ఆ నావ బాగ పాతదైంది. కాళేశ్వరం దిక్కు ఒకాయన తన నావ అమ్ముతుండని కబురొచ్చింది. నేను చిట్టీ ఎత్తి ఆరు వందలు అంగి లోపటి జేబుల కుట్టిచ్చుకొని మామ ఎంబడి పోయిన. నాలుగు నాగలు పడ్డయి, జీతం కోసుకున్నరు.

కాళేశ్వరం కాడ గోదారిల ప్రాణహిత కలుస్తది. ఆ ఒడ్డున కూసోని నావ అమ్మేటాయన బీడీ ముట్టిచ్చుకుంట, దొరల కాలంల ఇక్కడికి ఓడలొచ్చేటియని గొప్పలు చెప్పిండు. ఓడల ముచ్చట ఎంత నిజమో గని, ఆశ మాత్రం పడ్డరు. కాటన్ దొర చేతి కింద హేగ్ అని ఇంకో దొర ఉండె. నాగపూర్ దిక్కు పత్తిని గోదారి మీదికెల్లి సముద్రం దాంక దించాలని, నదికి అడ్డం బండలున్న కాడల్ల కట్టలు, లాకులు మొదలువెట్టిండ్రు. దుమ్ముగూడెం కాడ అప్పటి ఆనకట్ట ఇప్పటికీ ఉన్నది. 1871ల ఆ పని ఇడిచిపెట్టిండ్రు. చిత్రం చూడుండ్రి, అదే ఏడు కింగ్ దొర ఇల్లందు దిక్కు బొగ్గున్నదని కనుక్కున్నడు. ఆ బొగ్గే మనకు బువ్వ వెట్టింది.

ఇగ నావ కాడికొద్దాం. ఇసుక మీద పెండ్లిపిల్లోలె తయారు చేసి వెట్టిండు. నల్లగ నిగనిగ కొత్త తారు. కొత్త తాళ్లు సుట్టలు సుట్టి. నాలుగు తెడ్లు, రెండు పొడుగు గడలు, ఇనుప లంగరు, ఉతికి మడతవెట్టిన తెరచాప. నీళ్లు తోడి పోసెటందుకు డబ్బ గూడ పక్కకే. "సామానే మూడు వందలైతది, అంత కలిపి తొమ్మిది వందలు" అన్నడు. మా మామ తాడును పట్టి గుంజి చూసి మెత్తవడ్డడు. ఆయన ఏండ్ల సంది అతుకుల తాళ్లతోని బతికినోడు.

నాకేం నావల సంగతి తెలుసు? ఊకె నిలవడలేక అక్కడున్న గడముక్క తీసుకొని పలకల మీద కొట్టుకుంట పోయిన, ఎడమ చెయ్యి చెక్కకు ఆనిచ్చి. అలవాటు. ముంగట కంగు, నడుమ కంగు. తోక దిక్కు, చుక్కానికి బెత్తెడు కింద మొద్దు చప్పుడు. మల్ల కొట్టిన. ఏండ్ల కింద వణికింది. ఒళ్లు జల్లుమన్నది పిల్లలూ, బాయిల ఉన్నట్టే నెత్తి మీదికి చూసిన. పైన మొగులే ఉండె.

"మామా, ఇక్కడ పొర ఇడిసింది" అన్న. అమ్మేటాయన నవ్విండు, "బొగ్గు బాయోనికి టేకు సంగతేమెరుక" అన్నడు. మామ ఏం మాట్లాడలే. గొడ్డలి మూలతోని తారును గీకిండు. కింద చెక్క వానకు నానిన గోడ మట్టోలె పొడి పొడి రాలింది. ఏలు వెడితే కణుపు దాంక పోయింది. అమ్మేటాయన బీడీ పారేసి గోదారి దిక్కు తిరిగిండు.

కొనకుంట రాలే మేము. చెడింది రెండు పలకలే, తక్కిన టేకు ఇనుమోలె ఉండె. పొద్దుగూకెదాంక బేరమాడి ఐదు వందల యాభైకి తెంపినం. అక్కడ్నే ఇసుకల బోర్లేసి, ఒక వడ్లాయనను పట్టుకొని పలకలు మార్పిచ్చినం. సందులల్ల పత్తి తాడు దిగ్గొట్టి, గుగ్గిలం నూనెల కాగబెట్టి పోసినం. ఆ గుగ్గిలం వాసన మూడు దినాలు నా అంగికి పోలే. వచ్చేటప్పుడు తూర్పు గాలి ఆడితే తెరచాప ఎత్తుడు, గాలి వడితే ఒడ్డెంబడి తాడు గుంజుడు. నా రెండు భుజాలు ఒర్సుకపోయినయి.

ఆ నావ మా మామకు పదేండ్లు బువ్వ వెట్టింది. 1986 ఆగస్టు వరద ఎరుకేనా? భద్రాచలం కాడ డెబ్బై ఐదడుగులు దాటిన వరద. నావను రెండు తాళ్లతోని రావిచెట్టుకు కట్టి ఒడ్డు మీది గుడిసెల పండుకున్నడు మామ. నీళ్లు గుడిసెలకొస్తే నడిజాముల లేసి ఊర్లెకు ఉరికిండు. వరద తీసినంక పోయి చూస్తే చెట్టుకు తాళ్లు ఉండె, కొసలు తెగి. మల్ల నావ కొనలే ఆయన. ఇప్పుడు సుందిళ్ల బరాజ్ కట్టినంక గోదారి అక్కడ చూసుకోను వేరేగైంది, మామ లేడు.

ఇగో, గీ ముచ్చటంత పొద్దుగాల మీ అన్నకు చెప్పిన. వాడు పకపక నవ్వి, "తాతా, ఇక్కడ గూడ ఇదే చేస్తరు. పడవను నీళ్లల్లకెల్లి పైకెత్తి, దాన్ని పరీక్ష చేసేటాయన చిన్న సుత్తెతోని అంగుళమంగుళం కొట్టుకుంట పోతడు. కట్టె కాదు ఇది, ఫైబర్. లోపల పొరలు ఇడిస్తే చప్పుడు మారుతదట" అన్నడు. ఆ పరీక్ష ఇయ్యాల్నేనట.

మాపటికి మల్ల ఫోన్ మోగింది. వాడేం మాట్లాడలే, "ఇను తాతా" అని ఫోన్ పడవ కడుపు కాడ వెట్టిండు. నేను టీవీ బందు వెట్టిచ్చిన. టక్, టక్, టక్. బాగనే ఉన్నది. ముంగటికెల్లి ఎనుకకు వస్తుండు ఆ మనిషి, తొందర లేదు. టక్, టక్.

"ఆగుమను," అన్న. "ఆడనే. మల్లొక్కసారి కొట్టుమను."