నిర్మాణ రెండరింగ్‌లో కాంతి దోషాలు

కట్టబోయే భవనాన్ని కంప్యూటర్ చిత్రంగా చూపేటప్పుడు వెలుగు లెక్క తప్పడం వల్ల కలిగే లోపాలివి. ఉపరితలాల మధ్య కాంతి ప్రసరించే తీరును వివరించే రెండరింగ్ సమీకరణాన్ని జేమ్స్ కజియా 1986లో ప్రచురించారు.

లక్షణాలు, కారణాలు: పరావర్తనాల పరిమితి తక్కువైతే గది మూలలు నల్లబడతాయి. గోడలకు మందం లేకపోయినా, అతుకుల్లో సందులున్నా వెలుగు లోపలికి కారుతుంది. శాంపిళ్లు (ఒక్కో పిక్సెల్‌కు లెక్కించే కిరణాలు) చాలకపోతే చిత్రమంతా గరుకుగా చుక్కలు పడతాయి. కాంతి కిరణాల దారులను యాదృచ్ఛికంగా అనుసరించే పాత్ ట్రేసింగ్‌లో ఆ గరుకుదనం సగానికి తగ్గాలంటే శాంపిళ్లు సుమారు 4 రెట్లు కావాలి. తెరకు తగ్గట్టు ప్రకాశాన్ని సర్దే గామా సవరణ రెండుసార్లు జరిగితే రంగులు పాలిపోతాయి.

పరిష్కారం: ముందుగా కెమెరా ఎక్స్‌పోజర్‌ను, భవన నమూనా కొలతల యూనిట్లను సరిచూడాలి. తర్వాత అన్ని వస్తువులకూ ఒకే బూడిద రంగు మెటీరియల్ వేసి, దీపాలను ఒక్కొక్కటిగా వెలిగించి పరీక్షించాలి. లోపం అప్పటికీ కనిపిస్తే కారణం మెటీరియళ్లలో కాక దీపాల్లోనో, జ్యామితిలోనో, రెండర్ సెట్టింగుల్లోనో ఉంటుంది.