మా తాత జోడుగొట్టాల తుపాకీ చెప్పిన చరిత్ర



మన మన్యంలో పాత తుపాకీ ఉన్న చాలా ఇళ్ళలో ఒకే కథ వినిపిస్తుంది. "ఇది సీతారామరాజు గారి పితూరీలో స్టేషను నుంచి తెచ్చింది" అంటారు. మా ఇంట్లోనూ అదే కథ. మా తాత జోడుగొట్టాల తుపాకీ గురించి నాన్న మాకు అలాగే చెప్పాడు. మా తమ్ముడు తన పిల్లలకూ అలాగే చెబుతూ వచ్చాడు. రెండేళ్ళ క్రితం ఆ తుపాకీని బాగుచేయించాం. తుప్పుతో పాటు ఆ కథ కూడా రాలిపోయింది. దాని కింద బయటపడిన నిజం ఆ కథకన్నా పెద్దది. అందుకే ఇది రాస్తున్నాను.

తాత పోయాక ఆ తుపాకీ ఇంట్లో ఉంచుకునే హక్కు మాకు లేకుండా పోయింది. లైసెన్సు మనిషితోనే పోతుంది. పైగా ఆ రోజుల్లో అడవిలో వాళ్ళూ తుపాకీ అడిగేవారు, స్టేషను వాళ్ళూ అడిగేవారు. ఎవరికిచ్చినా రెండోవాళ్ళతో తంటా. నాన్న దాన్ని గోనెసంచిలో చుట్టి పట్నం తీసుకెళ్ళి, లైసెన్సున్న ఆయుధాల దుకాణంలో దాచిపెట్టాడు. ఏటా అద్దె కట్టి రసీదు రేకుపెట్టెలో పెట్టేవాడు. నాన్న కూడా పోయాక ఆ పెట్టె తెరిచింది మేమే.

తమ్ముడు వారసుడిగా లైసెన్సుకు దరఖాస్తు పెట్టాడు. విచారణలు, సంతకాలు, కలెక్టరేటు చుట్టూ తిరుగుళ్ళు, ఏడాదికి పైగా పట్టింది. ఈలోగా సంతలో ఒకతను, "అక్కా, ఇంత తతంగం ఎందుకు? మా కొలిమిలో రెండు రోజుల్లో పేలేలా చేసిస్తాను" అన్నాడు. తమ్ముడు ఊగాడు. నేను ఒప్పుకోలేదు.

కారణం మా హాస్టల్లో ఉంది. ఏడో తరగతి చదివిన ఒక పాప తండ్రి, పండక్కి వేటకు వెళ్ళి నాటుతుపాకీ పేలుస్తుంటే గొట్టం పగిలి మొహానికి తగిలింది. తుపాకీకి కాగితం లేదు. కేసు అవుతుందన్న భయంతో రెండు రోజులు ఇంట్లోనే ఆకుపసరు కట్టారు. చివరికి ఒక కన్ను, రెండు వేళ్ళు పోయాయి. ఆ ఏడాది దీపావళికి ఊళ్ళో టపాకాయలు కాలుస్తుంటే ఆ పాప మంచం కింద దూరి తెల్లవార్లూ బయటికి రాలేదు. ఆ రాత్రి నేను ఆమె పక్కన నేల మీదే పడుకున్నాను. అది చూసినదాన్ని, కొలిమికి ఎలా ఒప్పుకుంటాను?

లైసెన్సు వచ్చాక, మరమ్మతుకు అనుమతి ఉన్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాం. తుపాకీ కొనడానికే కాదు, బాగుచేయడానికీ చట్ట ప్రకారం లైసెన్సు కావాలి. ఆయన గొట్టాలు, కుందా, లోపలి యంత్రం మూడూ విడదీసి కిరోసిన్‌లో నానబెట్టాడు. రెండు గుర్రాల్లో ఒకదాని స్ప్రింగు విరిగింది, కొత్తది చేశాడు. కుందా మెడ దగ్గర పగులును అతికి, లోపల చిన్న మేకు దింపాడు. అవిసె నూనె పలచగా రాసి, ఆరబెట్టి, మళ్ళీ రాసి, వారాలపాటు రుద్దాడు. నల్లగా మొద్దులా ఉన్న చెక్కలోంచి వాల్‌నట్ గీతలు తేలాయి.

అసలు సంగతి గొట్టాల దగ్గర తెలిసింది. తుప్పు పోయేసరికి ఇనుము మీద నీటి అలల్లాంటి చారలు కనిపించాయి. ఇనుప, ఉక్కు పట్టీలను మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, కాల్చి అతికిన గొట్టాలవి. గొట్టం అడుగున ఇంగ్లండులోని బర్మింగ్‌హాం పరీక్షశాల ముద్రలున్నాయి. వాటిలో ఒకటి 'నాట్ ఫర్ బాల్'. మూతి దగ్గర గొట్టం సన్నగా ఉంటుంది కాబట్టి ఇందులో రవ్వలే వాడాలి, ఒంటి గుండు వాడకూడదని దాని అర్థం. ఆ ముద్రను 1875 నుంచి 1887 వరకే కొట్టారు. అంటే మా తుపాకీ పుట్టింది ఆ పన్నెండేళ్ళలోనే.

ఇక ఇంటి కథను పరీక్షకు పెట్టాను. సీతారామరాజు దళం 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి మొత్తం 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకెళ్ళింది. అవి పోలీసులకిచ్చే ఒంటిగొట్టం తుపాకులు. మాది దొరలు పిట్టల వేటకు వాడే జోడుగొట్టాలది. రేకుపెట్టె అడుగున తాత లైసెన్సు పుస్తకం దొరికింది. మైదానం నుంచి వచ్చిన ఒక కలప కంట్రాక్టరు దగ్గర పాతదిగా కొన్నట్టు, పంట కాపలాకు వాడుతున్నట్టు అందులో రాసి ఉంది. తమ్ముడి మొహం చిన్నబోయింది. "అయితే ఇందులో మన చరిత్ర ఏమీ లేదా అక్కా?" అన్నాడు.

ఉంది. ఆ ముద్ర పడిన ఏళ్ళలో ఇక్కడ ఏం జరిగిందో చూడండి. 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడు లైసెన్సు లేకుండా తుపాకీ పట్టకూడదన్నారు. దేశంలోని తెల్లవాళ్ళకు ఆ బాధ లేదు. మరుసటి ఏడాది, 1879 మార్చిలో, కల్లు మీద పన్నుకు, మన్సబుదారు దోపిడీకి, పోలీసుల వేధింపుకు తాళలేక రంపలో పితూరీ లేచింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. మన పోడు, మన వేట ఒక్కొక్కటే నేరాలుగా మారాయి. బర్మింగ్‌హాంలో దొరల సరదాకు తుపాకులు తయారవుతున్న ఆ రోజుల్లోనే కొండల్లో మన చేతులు కట్టేస్తున్నారు.

అందరినీ ఒకేలా చూడలేదు. కొడగులోని కొడవలు తమకు విధేయులుగా నిలిచారని ఆంగ్లేయులు 1861లోనే వాళ్ళకు ఆయుధాల నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చారు. అది నేటికీ నడుస్తోంది. వాళ్ళు కైల్ పొళ్దు పండుగనాడు తుపాకులకు పూలుపెట్టి పూజిస్తారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఎవరు పట్టొచ్చు, ఎవరు పట్టకూడదు అన్నది రాజ్యం తన అవసరం చూసి తేల్చిందని చెప్పడమే నా ఉద్దేశం.

మరి తుపాకీ పేలుతుందా? పెద్దాయన స్పష్టంగా చెప్పాడు. కుడి గొట్టం లోపల తుప్పు లోతుగా తినేసింది. ఇవి పాత నల్లమందు ఒత్తిడికి చేసిన గొట్టాలు. తూటా గది పొడవు రెండున్నర అంగుళాలే, ఇప్పటి తూటాలు సాధారణంగా రెండుముప్పావు. "గుర్రం లేస్తుంది, మీట పడుతుంది, చక్కగా మూసుకుంటుంది. తూటా మాత్రం పెట్టకండి. పెడితే మీ తమ్ముడి చెయ్యి పోతుంది" అన్నాడు. తమ్ముడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత తనే దానికి గాజు తలుపుల బీరువా, తాళం చేయించాడు.

పేల్చకపోతే లైసెన్సు దేనికని అడగకండి. 1959 ఆయుధాల చట్టంలో పాత ఆయుధాలకు మినహాయింపు ఉంది కానీ, బాగుచేసినా పేలే అవకాశం లేనివాటికే. బాగుచేస్తే పేలేదైతే అది చట్టం కళ్ళకు తుపాకీయే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత పండగ పేరుతో వేటాడినా నేరమే.

ఇంటికి తెచ్చిన రోజు మా మేనత్త వచ్చింది. ఎనభై దాటిన మనిషి, చూపు తగ్గింది. తమ్ముడు గుర్రాలు రెండూ లేపితే టిక్కు టిక్కుమన్నాయి. అత్త తల తిప్పి, "మా అయ్య మంచె మీద ఉన్నాడు" అంది. తర్వాత చాలాసేపు చెప్పింది. తాత ఏడాదికి నాలుగైదు తూటాలకు మించి కాల్చలేదట. కాల్చిన ప్రతి తూటా డొల్ల దాచి లెక్క చూపించాలి. తనిఖీకి రమ్మంటే తుపాకీ భుజానేసుకుని రెండు రోజులు నడిచి స్టేషనుకు వెళ్ళాలి. "పందులు దానికి భయపడ్డాయో లేదో గానీ, ఆ కబురు వచ్చిందంటే మేం భయపడేవాళ్ళం" అంది. ఈ మాట ఏ లైసెన్సు పుస్తకంలోనూ లేదు.

మా తాత పితూరీ వీరుడు కాదు. చోళ్ళు, సామలు కాచుకున్న రైతు. అందుకు నాకు చిన్నతనం లేదు. వీరుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. గామ్ గంటం దొర, గామ్ మల్లు దొర పేర్లు మీకు పాఠంగా చెబుతాం. మంచె మీద రాత్రంతా మేలుకున్నవాళ్ళ సంగతి మనం రాయకపోతే ఎవరూ రాయరు.

మీ ఇంట్లోనూ పాత తుపాకీ ఉండొచ్చు. కాగితం లేకపోతే దాచకండి, కొలిమికి ఇవ్వకండి. తెలిసిన వకీలునో, మన సంఘం పెద్దలనో వెంటబెట్టుకుని చట్టప్రకారం అప్పగించే దారి చూడండి. అంతకంటే ముందు రేకుపెట్టె తెరిచి కాగితాలు చదవండి. వస్తువు, కాగితం, పెద్దల మాట, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. అత్తలు, తాతలు ఉన్నప్పుడే వాళ్ళ దగ్గర కూర్చుని రాసుకోండి. తుపాకీకి నూనె రాస్తే ఇంకో వందేళ్ళు ఉంటుంది, వాళ్ళు ఉండరు.